ఆడే హక్కు, ఆడించే అధికారం

1966 ఏప్రిల్ 18న బోస్టన్ సెల్టిక్స్ బాస్కెట్‌బాల్ జట్టు తన తదుపరి కోచ్‌గా బిల్ రస్సెల్ పేరును ప్రకటించింది. ఎన్‌బీఏ చరిత్రలో ఒక నల్లజాతీయుడు కోచ్ కావడం అదే మొదటిసారి. విలేకరుల సమావేశంలో ఆయనను ఒక ప్రశ్న అడిగారు. తెల్ల ఆటగాళ్ల పట్ల తిరుగు వివక్ష చూపకుండా నిష్పాక్షికంగా పనిచేయగలరా అన్నది దాని సారాంశం. చేయగలనని ఆయన క్లుప్తంగా బదులిచ్చారు. ఆ లీగ్‌లోకి నల్ల ఆటగాళ్లు అడుగుపెట్టి అప్పటికి పదహారేళ్లయింది. వారిని నడిపిన తెల్ల కోచ్‌లను ఇదే ప్రశ్న అడిగే ఆనవాయితీ మాత్రం లేదు. అధికారం అలవాటైన చోట ఉన్నంతకాలం అది నిష్పాక్షికంగానే కనిపిస్తుంది. చేతులు మారినప్పుడే అనుమానాలు పుట్టుకొస్తాయి.

అణచివేతకు గురైన సమూహాలకు క్రీడారంగం తొందరగా తలుపు తెరుస్తుందన్న మాటలో కొంత నిజముంది. గెలుపు అవసరమైన జట్టుకు మంచి ఆటగాడు కావాలి. కానీ ఆ తలుపు ఎంతవరకు తెరుచుకుంటుంది? శరీరశ్రమను స్వీకరించే వ్యవస్థ ఆలోచననూ ఆజ్ఞనూ అదే చేతుల నుంచి స్వీకరిస్తుందా? రస్సెల్ జీవితాన్ని ఈ ప్రశ్నతోనే చదవాలి.

ఆయన 1934లో లూసియానా రాష్ట్రంలోని వెస్ట్ మన్రోలో పుట్టారు. వేర్పాటు చట్టాలు రాజ్యమేలిన ప్రాంతమది. తల్లి ఒకరోజు మంచి దుస్తులు ధరించి బజారుకు వెళితే, అవి తెల్ల స్త్రీలు వేసుకునేవని, ఇంటికి వెళ్లి విప్పేయమని ఒక పోలీసు అధికారి బెదిరించిన ఘటనను రస్సెల్ తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. ఎవరు ఏ బట్ట కట్టాలో పైకులాలు శాసించిన దేశంలో ఉన్న మనకు ఈ సంగతి కొత్తగా తోచదు. కుటుంబం కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌కు వలస వెళ్లింది. పన్నెండేళ్ల వయసులో తల్లి మరణించింది.

శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయ జట్టును ఆయన 1955, 1956లలో జాతీయ విజేతగా నిలిపారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన అమెరికా జట్టుకు కెప్టెన్‌గా వ్యవహరించారు. అదే ఏడాది సెల్టిక్స్‌లో చేరి 13 సీజన్లలో 11 టైటిళ్లు సాధించారు. ఐదుసార్లు లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యారు.

ఈ విజయాలకు మూలం ఆయన ఎత్తూ ఎగిరే శక్తీ మాత్రమే అనుకుంటే పొరపాటు. ప్రత్యర్థి వేసిన బంతిని ప్రేక్షకుల్లోకి కొట్టి చప్పట్లు అందుకోవడం సులువు. రస్సెల్ దానిని కోర్టులోనే ఉండేలా తట్టి, సహచరుడికి అందేలా చూసేవారు. అక్కడి నుంచే ఎదురుదాడి మొదలయ్యేది. ఎవరు ఎటు నుంచి వస్తారో, ఎక్కడ ఆగి బంతి వేస్తారో ముందే లెక్కగట్టే మేధస్సు అది. నల్ల ఆటగాడి నైపుణ్యాన్ని ‘సహజ దేహబలం’గానూ, తెల్ల ఆటగాడి నైపుణ్యాన్ని ‘బుద్ధిబలం’గానూ వర్ణించే అలవాటు ఆ మేధస్సును గుర్తించనివ్వలేదు. కోచ్ కుర్చీకి అడ్డుగోడగా నిలిచింది ఈ అలవాటే.

ఆటగాడిగా దక్కిన కీర్తి ఆయనకు మనిషిగా గౌరవాన్ని సంపాదించి పెట్టలేదు. 1961లో కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో హోటల్ కాఫీ షాపు నల్ల ఆటగాళ్లకు వడ్డించ నిరాకరించింది. రస్సెల్, ఆయన నల్లజాతి సహచరులు ఆ రాత్రి ఆడకుండా వెనుదిరిగారు. బోస్టన్ సమీపంలోని రెడింగ్ పట్టణంలో దుండగులు ఆయన ఇంట్లో చొరబడి, గోడలపై జాతి దూషణలు రాసి, పడకపై మలం వేసి వెళ్లారు. టైటిల్ మీద టైటిల్ తెచ్చిపెట్టిన ఆటగాడికి దక్కిన ‘పొరుగు’ అది. 1963లో పౌరహక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్ హత్య తర్వాత ఆయన మిసిసిపీలోని జాక్సన్‌కు వెళ్లి నల్ల, తెల్ల పిల్లలకు కలిపి శిక్షణ శిబిరం నడిపారు. బెదిరింపులకు వెరవలేదు.

కోచ్ పదవికి నల్లజాతిలో యోగ్యులు లేకపోవడం వల్లే ఆలస్యమైందనే వాదనకు జాన్ మెక్లెండన్ జీవితమే జవాబు. బాస్కెట్‌బాల్ సృష్టికర్త జేమ్స్ నైస్మిత్ దగ్గర కాన్సస్ విశ్వవిద్యాలయంలో ఆయన ఈ క్రీడను నేర్చుకున్నారు. నల్లవాడైనందున అక్కడి జట్టులో ఆడే అవకాశం మాత్రం దొరకలేదు. 1944లో నార్త్ కరోలినాలో ఆయన శిక్షణలోని నల్ల విద్యార్థుల జట్టు, డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్య విద్యార్థుల జట్టుతో తాళం వేసిన జిమ్‌లో రహస్యంగా తలపడి 88-44తో గెలిచింది. తర్వాత ఆయన టెనెస్సీలో 1957 నుంచి 1959 వరకు వరుసగా మూడు జాతీయ టైటిళ్లు సాధించారు. ఇంతటి గురువుకు ఎన్‌బీఏ ఏనాడూ ఒక జట్టును అప్పగించలేదు. యోగ్యత ఎప్పుడూ ఉంది. దానిని చూసే కన్ను లేదు.

రస్సెల్‌కు అవకాశమిచ్చిన రెడ్ ఆవర్‌బాక్ దూరదృష్టిని కాదనలేం. 1964 డిసెంబరులో ఐదుగురు నల్ల ఆటగాళ్లతో ఆట ప్రారంభించిన కోచ్ ఆయన. అయితే ఆ కుర్చీ చేరడానికి రస్సెల్‌కు అప్పటికే ఎనిమిది టైటిళ్లు అవసరమయ్యాయి. ఆడుతూనే కోచ్‌గా పనిచేసిన తొలి సీజన్‌లో జట్టు 60 మ్యాచ్‌లు గెలిచినా టైటిల్ ఫిలడెల్ఫియా జట్టుకు దక్కింది. వరుసగా ఎనిమిదేళ్లు సాగిన ఆధిపత్యం ఆగింది. తెల్ల కోచ్ ఓడితే ఓడింది ఆ వ్యక్తి. ‘మొదటివాడు’ ఓడితే ఆ జాతి మొత్తం బోనెక్కుతుంది. మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురైన మరునాడే, 1968 ఏప్రిల్ 5న, రెండు జట్లూ శోకంలోనే మళ్లీ తలపడ్డాయి. ఆ సిరీస్‌లో 1-3తో వెనుకబడి కూడా గెలిచిన సెల్టిక్స్ చివరికి టైటిల్ అందుకుంది. 1969లో తన విభాగంలో నాలుగో స్థానంలో నిలిచిన జట్టుతోనే రస్సెల్ మరో టైటిల్ సాధించి ఆటకు స్వస్తి పలికారు.

ఆ తర్వాతి ప్రయాణం ఇంత ఉజ్జ్వలం కాదు. 1973 నుంచి 1977 వరకు సియాటిల్ జట్టును తొలిసారి ప్లేఆఫ్స్‌కు చేర్చారు గాని టైటిల్ తేలేకపోయారు. 1987-88లో శాక్రమెంటోలో 58 మ్యాచ్‌లలో 41 ఓడి, సీజన్ మధ్యలోనే పదవి వదిలారు. దీన్ని దాచవలసిన పనిలేదు. సమానత్వమంటే అసాధారణులకు మాత్రమే లభించే ప్రవేశం కాకూడదు. మామూలుగా పనిచేసే హక్కు, ఓడిపోయే హక్కు, ఓడిన తర్వాత మరో అవకాశం పొందే హక్కు కూడా అందులో భాగమే. ఆధిపత్య వర్గాలు ఎన్నడూ అడగకుండానే అనుభవిస్తున్న హక్కులివి.

1975లో ఫైనల్ ఆడిన రెండు జట్లకూ నల్లజాతి కోచ్‌లే ఉన్నారు: ఒకవైపు ఆల్ ఆటిల్స్, మరోవైపు రస్సెల్ పాత సహచరుడు కె.సి. జోన్స్. అదే ఏడాది హాల్ ఆఫ్ ఫేమ్ తనను ఎంపిక చేస్తే రస్సెల్ ఆ వేడుకకు వెళ్లలేదు. తనకంటే ముందే ఆ గౌరవం దక్కవలసిన నల్ల ఆటగాళ్లున్నారన్నది ఆయన వాదన. 1950లో ఎన్‌బీఏ జట్టు ఎంపిక చేసుకున్న తొలి నల్ల ఆటగాడు చక్ కూపర్‌కు 2019లో చోటు దక్కిన తర్వాతే తన ఉంగరాన్ని స్వీకరించారు. ఏకైక మినహాయింపుగా మిగిలిపోవడాన్ని ఆయన గౌరవంగా భావించలేదు.

ఈ కథ మనకు పరాయిది కాదు. దళిత స్పిన్నర్ పల్వంకర్ బాలూ 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశారు. పుణెలో తోటి ఆటగాళ్లు పెవిలియన్‌లో టీ తాగుతుంటే ఆయనకు బయట మట్టి ముంతలో పోశారు. హిందూ జట్టుకు ఆయన బంతి కావాలి, నాయకత్వం అక్కర్లేదు. తమ్ముడు విఠల్ కెప్టెన్ కావడానికి నిరసనలూ, 1923 వరకు నిరీక్షణా అవసరమయ్యాయి.

పతకం తెచ్చిన బిడ్డను ఊరేగించే సమాజం, ఆ బిడ్డ రేపు సెలక్టర్‌గా, కోచ్‌గా, సంఘం అధ్యక్షురాలిగా వస్తే ఎలా స్వాగతిస్తుంది? క్రీడల్లో కులం లేదని చెప్పేవారు జట్టు జాబితాతో ఆగిపోకుండా నిర్ణయాలు జరిగే గది జాబితానూ చూపాలి. క్రీడా సంఘాల పాలకమండళ్లలో, సెలక్షన్ కమిటీల్లో, శిక్షకుల నియామకాల్లో ఏ సామాజిక వర్గాల వారు ఎందరున్నారో ప్రజల ముందుంచమని విద్యార్థులు అడగాలి. ఆ లెక్క తేలకుండా మైదానం అందరిదీ అనడం నినాదమే అవుతుంది.