బర్మా నుంచి నడిచి వచ్చిన గోదావరి కూలీలు

సోషల్ పుస్తకంలో రెండవ ప్రపంచ యుద్ధం అంటే హిట్లర్, జపాన్, అణుబాంబు అని చదువుతాం. ఆ యుద్ధం మన గోదావరి కూలీల మీద ఎలా పడిందో చాలామందికి తెలీదు. అది ఇప్పుడు తెలుసుకుందాం.

ఎందుకు పోయారు?

కాకినాడ దగ్గర కోరంగి అనే పాత రేవు ఉంది. పూర్వం అక్కడినుంచి ఓడలు బర్మా పోయేవి. అందుకే బర్మావాళ్ళు తెలుగువాళ్ళని 'కొరంగీలు' అనేవారు. తర్వాత కాకినాడ, విశాఖపట్నం నుంచి పోయారు. 1937 దాకా బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలోనే ఉండేది. భూమి లేనోళ్ళకి మేస్త్రీ ముందుగా డబ్బులిచ్చి తీసుకుపోయేవాడు. ఆ అప్పు తీరేదాకా రంగూన్ రేవులో బస్తాలు మొయ్యాలి, బియ్యం మిల్లుల్లో పని చెయ్యాలి, రిక్షా లాగాలి.

అక్కడివాళ్ళకి కోపం ఎందుకు?

తమిళదేశం చెట్టియార్లు బర్మా రైతులకి అప్పులిచ్చారు. 1930 తర్వాత ధాన్యం ధర పడిపోయింది, బాకీలు తీరలేదు. దిగువ బర్మాలో వరి భూమి నాలుగో వంతు దాకా షావుకార్ల చేతిలోకి పోయింది. బాకీ కింద భూమి పోవడం అంటే ఏంటో మన మన్యంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కాబట్టి ఆ రైతు కోపంలో న్యాయం ఉంది. కానీ ఆ కోపం షావుకారు దగ్గర ఆగలేదు, కూలోడి మీద కూడా పడింది. అంతకుముందే, 1930 మే నెలలో, రంగూన్ రేవులో పని ఎవరికి అనే గొడవ వచ్చి చాలామంది తెలుగు కూలీలు చనిపోయారు.

యుద్ధం వచ్చింది

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చి 8న ఆ పట్నం జపాన్ చేతిలోకి పోయింది. తెల్లదొరలు పారిపోతుంటే మనవాళ్ళని కాపాడేవాళ్ళు లేరు. దారిలో దొంగలు కొట్టి దోచుకునేవారు. ఓడ టిక్కెట్లు పేదవాళ్ళకి దొరకడం కష్టం. అందుకని సుమారు 4 లక్షలమంది భారతీయులు నడక దారి పట్టారు.

ఒక కుటుంబం కథ

ఈ కుటుంబం నేను కల్పించింది. దారి, తేదీలు మాత్రం నిజం. రామచంద్రపురం వైపు కూలీ, అతని భార్య, పన్నెండేళ్ళ కూతురు, చిన్న కొడుకు. మాండలే దాకా రైలు. తర్వాత చింద్విన్ నది మీద పడవలో కలేవా. అక్కడినుంచి తము దాటి కొండల మీద ఇంఫాల్ దాకా నడక. కూతురు తమ్ముణ్ణి వీపుకి కట్టుకుంది. తల్లి చీరలు వదిలేసింది గానీ బియ్యం, ఉప్పు, గిన్నె, అగ్గిపెట్టె వదల్లేదు.

ఆ దారిలో కలరా ఎక్కువ. దప్పికకి తాళలేక జనం ఏ నీళ్ళు కనిపిస్తే అవి తాగారు. నీళ్ళు మరగబెడితే కలరా క్రిమి చచ్చిపోతుంది. తండ్రి "తొందరగా నడవండే" అని కేకలేసినా, తల్లి ఆగి మూడు రాళ్ళు పెట్టి నీళ్ళు కాచాకే పిల్లలకిచ్చేది. అందుకే నలుగురూ బతికారు. మే నెలలో వానలు పడ్డాక వచ్చినవాళ్ళకి బురద, జలగలు, మలేరియా. వేలమంది దారిలోనే పోయారు. ఆ కష్టంలో కూడా తెల్లవాళ్ళకి వేరే దారి, మనవాళ్ళకి వేరే దారి పెట్టారు.

అస్సాం తేయాకు తోటల కూలీలు దారులు వేశారు, శిబిరాలు కట్టారు. వాళ్ళలో చాలామంది సంతాల్, ముండా, ఒరాన్ ఆదివాసీలు. ఈ సంగతి మనం గుర్తు పెట్టుకోవాలి.

దిమాపూర్‌లో రైలెక్కి, కలకత్తా మీదుగా ఆ కుటుంబం రాజమండ్రిలో దిగింది. అప్పటికే ఏప్రిల్ 6న కాకినాడ మీద, విశాఖపట్నం మీద కూడా బాంబులు పడ్డాయి!

తర్వాత

యుద్ధం అయ్యాక కొందరు మళ్ళీ బర్మా పోయారు. 1964లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలు స్వాధీనం చేసుకుంది. మళ్ళీ లక్షలమంది తిరిగి రావాల్సి వచ్చింది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఉంది.

దారిలో చనిపోయిన కూలీల పేర్లు ఎక్కడా రాసిలేవు. వాళ్ళలో చాలామందికి చదువు రాదు. మన ఇళ్ళల్లో కూడా మనమే మొదట చదువుకుంటున్నాం. అందుకని సెలవులకి ఇంటికి పోయినప్పుడు ముసలోళ్ళని అడగండి. వాళ్ళు ఏ దారిన వచ్చారో, ఏం మోసుకొచ్చారో రాసి తెండి. వచ్చే గోడపత్రికలో పెడదాం.

— 9వ తరగతి విద్యార్థిని