ఒక తొర్రకు ఎన్నేళ్లు?

ఇంగ్లాండులోని కేంబోర్న్‌లో ఉంటున్న ఒక పాఠకురాలు పంపిన ప్రశ్న ఇది: ‘మా ఊరి నుంచి కేంబ్రిడ్జికి బస్సుల కోసమే విడిగా ఒక దారి వేస్తామంటున్నారు. అది కోటన్ అనే పల్లె పక్కనున్న పాత ఆపిల్ తోట మధ్య నుంచి పోతుందట. కొట్టేసే చెట్లకంటే ఎక్కువే నాటుతామని హామీ ఇస్తున్నారు. ట్రాఫిక్‌తో విసిగిపోయిన దాన్ని, నాకైతే ఆ బస్సు కావాలి. తిరిగి నాటుతామంటున్నప్పుడు ఇంక గొడవ దేనికండీ?’

ఈ ప్రశ్నను పక్కన పెట్టడం నా వల్ల కాలేదు. దీనికి జవాబు ఆపిల్ చెట్టు కడుపులో ఉంది.

ముందు అసలు సంగతి గబగబా చెప్పేసుకుందాం. కేంబ్రిడ్జికి పడమరగా 1998 నుంచి కట్టుకొస్తున్న కొత్త ఊరు కేంబోర్న్. అక్కడి నుంచి నగరానికి వచ్చేవాళ్లకు పొద్దున్నపూట మాడింగ్లీ కొండ దగ్గర నరకం. అందుకని రోడ్డుతో సంబంధం లేకుండా బస్సులకు వేరే బాట వేయాలని అక్కడి స్థానిక సంస్థల కూటమి గ్రేటర్ కేంబ్రిడ్జి పార్ట్‌నర్‌షిప్ ప్రతిపాదించింది. 2023 మార్చిలో కేంబ్రిడ్జిషైర్ కౌంటీ కౌన్సిల్ ఓటింగు పెట్టి దాన్ని ముందుకు పంపింది. 2025లో బహిరంగ విచారణ జరిగింది. ఆఖరి మాట రవాణా మంత్రిది. ఇప్పుడున్న ఏ1303 రోడ్డు మీదే బస్సులకు ఒక వరస కేటాయిస్తే సరిపోతుంది కదా అన్నది కోటన్ వాసుల వాదన. వాళ్లు కాపాడాలంటున్న తోట సుమారు వందేళ్ల నాటిది.

ఆ ప్రాంతంలో బస్సుబాట కొత్తేమీ కాదు. కేంబ్రిడ్జి నుంచి సెయింట్ ఐవ్స్ దాకా 2011లోనే ఒకటి మొదలైంది. పాత రైలు మార్గం మీద కాంక్రీటు దూలాలు పరిచి దాన్ని వేశారు. ఆ రైలు 1847 నాటిది. చివర్స్ కుటుంబం 1875లో తమ జామ్ ఫ్యాక్టరీని ఏరికోరి హిస్టన్ స్టేషను పక్కన పెట్టుకుంది. పళ్లు పట్నాలకు పోయే దారి దొరికింది, చుట్టుపక్కల ఊళ్లలో తోటలు పెరిగాయి. ఆనాడు దారి పడితే తోటలు వచ్చాయి, ఈనాడు దారి కోసం తోట పోతోంది. ఎన్ని చెట్లు పోతాయన్న దగ్గరే అందరూ ఆగిపోతున్నారు. నాకు చెట్ల సంఖ్య ముఖ్యం కాదు. వాటి మానుల్లో ఉన్న తొర్రలు ముఖ్యం.

తొర్ర ఎలా ఏర్పడుతుందో చూద్దాం. చెట్ల గురించి ఇంతకంటే అద్భుతమైన సంగతి నాకు తెలీదు.

మన ఒంటికి దెబ్బ తగిలితే చచ్చిన కణాల చోట కొత్త కణాలు పుట్టి పుండు మానిపోతుంది. చెట్టు ఆ పని చెయ్యలేదు. మానులో ఒకసారి ఏర్పడిన చెక్క ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. చెట్టు లావెక్కేది బెరడు కిందున్న కేంబియం అనే పలచని పొర దగ్గర మాత్రమే. కాబట్టి కొమ్మ విరిగి, ఆ గాయంలోంచి శిలీంధ్రం లోపలికి దిగితే, పాడైన చెక్కను బాగుచేసే మార్గం చెట్టుకు లేదు. అది చేసేదల్లా గోడలు కట్టడం. పాడైన భాగాన్ని లోపల పెట్టి మూసేసి, దాని చుట్టూ కొత్తగా పెరుగుతుంది.

ఈ గోడలు నాలుగు. మొదటిది పైకీ కిందికీ పాకే కుళ్లును ఆపేది. నీళ్లు మోసే సన్నని నాళాలను చెట్టు జిగురుతోనో ఉబ్బిన కణాలతోనో పూడ్చేసుకుంటుంది. నాలుగింటిలో ఇదే బలహీనం. రెండోది లోపలికి, మాను నడిమికి పోనివ్వకుండా ఆపేది. ఏటేటా పడే వలయాల అంచుల్లో దట్టంగా ఉండే చెక్కే ఆ గోడ. మూడోది పక్కలకు పాకకుండా ఆపేది. నడిమి నుంచి బెరడు వైపు బండిచక్రం ఆకుల్లా పోయే కణాల వరసలు ఆ పని చేస్తాయి. ఈ మూడూ గాయానికి ముందే చెట్టులో ఉంటాయి, దెబ్బ తగిలాక గట్టిపడతాయి.

నాలుగోది గాయం తర్వాత పుడుతుంది. దెబ్బ తగిలిందని తెలియగానే కేంబియం మామూలు చెక్క పోయడం ఆపి, శిలీంధ్రాలకు గిట్టని రసాయనాలతో నిండిన ఒక ప్రత్యేకమైన పొరను పోస్తుంది. ఆ పొరకు లోపల ఉన్నదంతా పాతది, దాన్ని వదులుకున్నట్టే. బయట పెరగబోయేదంతా కొత్తది, దాన్ని కాపాడుకుంటుంది. నాలుగు గోడల్లోనూ ఇదే గట్టిది.

ఇప్పుడు ఏం జరుగుతుందో ఊహించండి. మొదటి గోడ బలహీనం కనుక కుళ్లు నిలువునా బారుగా సాగుతుంది. నాలుగోది గట్టిది కనుక బయటికి రాలేదు. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి చేవ మెత్తబడి, పొడై, గుల్లవుతుంది. బయట కొత్త వలయాలు ఒక్కొక్కటే చేరుతూ ఉంటాయి. అందుకే తొర్రలు గుండ్రంగా, నిలువుగా, గొట్టంలా ఉంటాయి. తొర్ర వెడల్పు చూసి, గాయం తగిలిన నాటికి ఆ మాను ఎంత లావుండేదో ఉజ్జాయింపుగా చెప్పెయ్యొచ్చు. ఎప్పుడో ఒక గాలివాన కొమ్మ విరిచిన నాటి మాను కొలత ఇవాళ్టికీ చెట్టు లోపల భద్రంగా ఉంటుంది!

ఈ సంగతి 1977లో ఒక నమూనాగా లోకానికి చెప్పినవాడు అలెక్స్ షైగో, అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త. అంతకుముందు చెట్లను అడ్డంగా కోసి చూసేవాళ్లు. అడ్డుకోతలో కనిపించేది ఒక నల్లమచ్చ మాత్రమే. షైగో పని మొదలుపెట్టే నాటికి ఒక మనిషే మోసుకెళ్లగల మోటారు రంపం చేతికొచ్చింది. ఆయన దానితో వేల మానులను నిలువునా చీల్చి చూశాడు. నిలువుకోతలో గాయం కథంతా మొదటి నుంచి చివరి దాకా బయటపడింది.

ఆయనకు ముందు దీన్ని తప్పుగా అర్థం చేసుకున్నవాళ్లు తక్కువేం లేరు. మొదట్లో, చెక్క కుళ్లితే ఆ కుళ్లులోంచే పుట్టగొడుగు పుడుతుందనుకునేవారు. 19వ శతాబ్దంలో జర్మనీకి చెందిన రాబర్ట్ హార్టిగ్ దాన్ని తలకిందులు చేశాడు. శిలీంధ్రమే కారణం, కుళ్లు దాని ఫలితం అని రుజువు చేశాడు. అది గొప్ప పనే. కానీ ఆ తర్వాత దాదాపు వందేళ్లు చెట్టును ఊరికే నిలబడి తినబడే వస్తువుగానే చూశారు. చెట్టు ఎదురు తిరుగుతుందన్న ఆలోచనే లేదు.

ఆ ఆలోచన లేకపోవడం వల్ల జరిగిన నష్టం ఇంతా అంతా కాదు. 1901లో జాన్ డేవీ ‘ది ట్రీ డాక్టర్’ పుస్తకం రాసిన కాలం నుంచి కొన్ని దశాబ్దాల పాటు, తొర్ర కనిపిస్తే చాలు, లోపలి కుళ్లంతా ఉలితో చెక్కేసి, గట్టి చెక్క తగిలేదాకా గీకి, సిమెంటు నింపేవారు. పన్ను పుచ్చితే డాక్టరు చేసే పని అది. ఆ గీకుడులో చెట్టు కష్టపడి కట్టుకున్న నాలుగో గోడ కూడా తెగిపోయేది. అప్పటిదాకా లోపల బందీగా ఉన్న శిలీంధ్రానికి కొత్త చెక్కలోకి దారి వాళ్లే తెరిచారు. పైగా గాలికి ఊగే మానులో ఊగని సిమెంటు! చెట్టుకు మేలు చేస్తున్నామనుకుంటూ ఎన్ని చెట్లను చంపారో.

తొర్రపడిన చెట్టు బలహీనమన్నది ఇంకో అపోహ. లెక్క చూడండి. నలభై సెంటీమీటర్ల మాను, లోపల ఇరవై సెంటీమీటర్ల తొర్ర, అంటే సగం వ్యాసం గుల్ల. గొట్టం వంగకుండా నిలిచే శక్తి వ్యాసం నాలుగో ఘాతం మీద ఆధారపడుతుంది. సగం నాలుగో ఘాతం పదహారో వంతు. కాబట్టి చెట్టు పోగొట్టుకున్నది ఆరు శాతం చిల్లర మాత్రమే! తొర్ర 28 సెంటీమీటర్లకు పెరిగినా పోయేది 24 శాతం. పక్కన పెద్ద నెర్రె తెరుచుకుంటే లెక్క మారుతుంది, నిజమే. అయినా మధ్య గుల్లయిన చెట్టు పంటనిస్తూ దశాబ్దాలు నిలబడగలదు.

అలా నిలబడిన గుల్లలో ఏముంటుంది? శిలీంధ్రం మెత్తబరిచిన చెక్కపొడి, పురుగుల పెంట, పిట్టల రెట్ట, రాలిన ఆకులు కలిసి, వేసవిలో ఎండిపోకుండా, చలికాలంలో గడ్డకట్టకుండా ఉండే ఒక మట్టి తయారవుతుంది. దాన్ని తిని బతికే పురుగుల్లో కొన్ని వేరే ఎక్కడా బతకలేవు. ఇంగ్లాండు పడమటి జిల్లాల పాత తోటల్లో నోబుల్ చేఫర్ అని ఆకుపచ్చగా మెరిసే పెంకుపురుగు జాతి ఒకటుంది. దాని లార్వాలు ముసలి ప్లమ్, ఆపిల్, చెర్రీ చెట్ల తొర్రల్లో ఆ పొడి తింటూ ఏళ్ల తరబడి ఉంటాయి. అది ఉందో లేదో తెలుసుకోవడానికి పురుగును వెతకరు, తొర్ర అడుగున గుప్పెడు పొడి తీసి అందులో దాని పెంట గుళికల ఆకారం చూస్తారు. తొర్ర కావలసింది పురుగులకే కాదు, మన పాలపిట్ట సంగతే తీసుకోండి. తెలంగాణ రాష్ట్ర పక్షి అది. దసరా నాడు దాన్ని చూడాలని ఊరంతా పొలిమేర దాటుతుంది. కానీ గూడు తొలుచుకునే ముక్కు దానికి లేదు. తొర్ర దొరికితేనే దాని సంసారం.

తొర్రలో పుట్టినవాటికి ఇల్లు మారే అలవాటు కూడా తక్కువ. స్వీడన్‌లో థామస్ రానియస్, ఆయన సహచరులు ఓక్ తొర్రల్లో ఉండే సన్యాసి పెంకుపురుగుల వెంటపడి చూస్తే, పెద్దయినవాటిలో సుమారు 15 శాతమే పుట్టిన చెట్టు వదిలి వెళ్లాయి. వెళ్లినవి కూడా కొన్ని వందల మీటర్లలోనే ఆగాయి. తోట మధ్య నుంచి ఒక కాంక్రీటు బాట, దాని పక్కన ఒక నిర్వహణ దారి, దీపాలు వచ్చాయంటే ఇలాంటి జీవులకు అది ఊరు రెండుగా చీలడమే.

ఇప్పుడు ‘తిరిగి నాటుతాం’ అన్న హామీకి వద్దాం. ఓక్ చెట్టు తొర్రపడాలంటే సాధారణంగా రెండు వందల ఏళ్లు దాటాలి. పళ్ల చెట్లు త్వరగా ముసలివవుతాయి, ఆపిల్‌కు యాభై అరవై ఏళ్లు చాలు. పాత తోటల విలువంతా అక్కడే ఉంది, అడవి రెండు వందల ఏళ్లలో ఇచ్చేది తోట అరవై ఏళ్లలో ఇస్తుంది. కానీ ఇవాళ నాటిన మొక్కకు ఆ అరవై ఏళ్లు గడవాలి. ఈలోపు పురుగులు ఎక్కడుండాలి? ఇంగ్లాండులో 2021 పర్యావరణ చట్టం వచ్చాక, 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద నిర్మాణాల్లో చాలావాటికి జీవవైవిధ్యాన్ని కనీసం పది శాతం పెంచి చూపాలన్న నియమం ఉంది. దాన్ని కొలిచే పట్టిక ఆలస్యానికి కూడా మార్కులు తగ్గిస్తుంది, మంచిదే. కానీ 30 ఏళ్లు దాటిన ఆలస్యాలన్నిటినీ ఒకే గాటన కట్టేస్తుంది. ఆపిల్ తొర్ర మొదలయ్యేదే ఆ తర్వాత.

కొట్టని చెట్ల మాటేమిటి? బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5837 ప్రకారం మాను వ్యాసానికి పన్నెండు రెట్ల దూరం దాకా వేళ్లను ముట్టుకోకూడదు. మన నలభై సెంటీమీటర్ల మానుకు అది దాదాపు ఐదు మీటర్లు. వేరు తెగడమూ గాయమే, అక్కడా చెట్టు గోడ కట్టాల్సిందే. ముసలి చెట్టు దగ్గర అందుకు కావలసిన నిల్వలు అంతగా ఉండవు. హైదరాబాదు నుంచి మన్నెగూడ పోయే రోడ్డు వెడల్పు కోసం చేవెళ్ల దారిలోని సుమారు 900 మర్రిచెట్ల కథ జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లినప్పుడు, పెకలించి వేరే చోట నాటితే సరిపోతుందని చాలామంది తేలిగ్గా అన్నారు. పెకలించడమంటే వేళ్లన్నీ ఒకేసారి నరకడం. మర్రి గట్టి పిండం కనుక కొన్నిసార్లు తట్టుకుంటుంది. ముసలి ఆపిల్‌తో ఆ ఆటలు సాగవు.

ఉపాయాలు అసలు లేవా అంటే ఉన్నాయి. స్వీడన్‌లో నిక్లాస్ యాన్సన్ బృందం చెక్కపెట్టెల్లో ఓక్ రంపపు పొట్టు, ఆకులు నింపి చెట్లకు కట్టి, వాటిని తొర్రలుగా పెట్టి చూసింది. వందకు పైగా జాతుల పెంకుపురుగులు వచ్చి చేరాయి. చచ్చిన కోడిని కూడా వేసిన పెట్టెల్లో ఇంకా ఎక్కువ పురుగులు వచ్చినట్టు కనిపించింది! నాకెంతో నచ్చిన ప్రయోగమిది. కానీ అదే ప్రయోగం ఇంకో మాట కూడా చెప్పింది, అసలు తొర్రల నుంచి దూరం పెరిగేకొద్దీ పెట్టెలకు వచ్చే తొర్ర జాతులు తగ్గిపోయాయి. పక్కన నిజమైన తొర్ర ఉంటేనే పెట్టె పనికొస్తుంది. పోయిన తోట బదులు ఎక్కడో పొలంలో పెట్టెలు కడతామంటే కుదరదు.

అమ్మా, మీకు బస్సు కావాలి, అది న్యాయమే. అది ఏ1303 మీద తన వరసలో తాను పోతే మీరు నగరానికి చేరతారు, తోట తోటగా ఉంటుంది. నిమిషాల తేడా వస్తే రానివ్వండి. తోటలోంచే పోతామని పట్టుబడితే మాత్రం ఎన్ని మొక్కలు నాటుతారని అడక్కండి. ఎన్ని తొర్రలు పోతున్నాయి, వాటి వయసెంత, మిగిలే చెట్లలో తొర్రలున్నవి ఎన్ని, అవి ఎంత దూరంలో ఉన్నాయి అని అడగండి. కొట్టక తప్పని మానులను ముక్కలు చేసి పట్టుకుపోకుండా, తొర్ర చెదరకుండా నిలువుగా మిగిలిన తోటలోనే పాతమనండి. బస్సుబాట ప్లానుల్లో మీటరు మీటరుకూ వెడల్పు గీసేవాళ్లు ఈ నాలుగు అంకెలు కూడా రాయగలరు. రాయమని అడగాల్సింది మీలాంటి ప్రయాణికులే, ఎందుకంటే ఆ దారి వేస్తున్నది మీ పేరు మీద.