వాయించే అమ్మాయికి వీడియోలో చోటేది?

‘‘పిన్నీ! నన్ను డ్రమ్స్ దగ్గర్నుంచి లేపేశారు.’’

ఫోన్లో మా అక్క కూతురి గొంతు ఏడుపుకీ కోపానికీ మధ్య ఎక్కడో ఉంది. అది విశాఖపట్నంలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. నలుగురు స్నేహితులు కలిసి కాలేజీలో ఒక పాప్‌రాక్ బ్యాండ్ పెట్టుకున్నారు. ముగ్గురు అబ్బాయిలు, ఇదొక్కతే ఆడపిల్ల. రెండేళ్లుగా డ్రమ్స్ వాయిస్తోంది. కింది వాటావాళ్లతో తిట్లు తిని మరీ నేర్చుకుంది. ఇప్పుడు సొంతంగా కట్టుకున్న పాటకి వీడియో తీసి యూట్యూబ్‌లో పెడదామనుకున్నారట. తీస్తానని ముందుకొచ్చిన సీనియర్ కుర్రాడు ఒక కాగితం మీద అంతా రాసుకొచ్చాడు. అందులో దీని వంతు ఏమిటంటే, తెల్ల గౌను వేసుకుని బుల్లెట్ బండికి ఆనుకుని నిలబడాలి. జుట్టు గాలికి ఎగరాలి. డ్రమ్స్ దగ్గర ఆ ఒక్క రోజుకీ అతని స్నేహితుడెవరో కూర్చుంటాడు!

‘‘అదేమిటంటే, రాక్ వీడియో అన్నాక ఒక అమ్మాయి ఉండాలి కదా అంటాడు. మరి నేనెవర్ని పిన్నీ?’’

నాకు చప్పున జవాబు తోచలేదు. ఆ కుర్రాడు చెడ్డవాడేం కాదు. వాడు చూసిన వీడియోల్లో అలాగే ఉంది మరి! తాంబూలం లేకపోతే పేరంటం పేరంటం అనిపించుకోదు కదా. అలాగే పాప్‌రాక్ వీడియో అనగానే ఇవన్నీ ఉండాలి అని చూసేవాళ్ల మనసులో ఒక లెక్క ఉంటుంది. బ్యాండంతా ఒకచోట చేరి వాయించాలి. పాడేవాళ్ల మొహం తెరనిండా కనిపించాలి. వెనకనుంచి లైటు, కాస్త పొగ, దరువు పడ్డప్పుడల్లా మారిపోయే బొమ్మ. గిటారిస్టు ఒక్కడూ ఎక్కడో ఎత్తు మీద, గాలిలో నిలబడి వాయించటం. 1992లో వచ్చిన గన్స్ ఎన్ రోజెస్ వాళ్ల ‘నవంబర్ రెయిన్’ చూసే ఉంటారు. పెళ్లి జరిగే చర్చిలోంచి బయటికి వచ్చేసి, బీడు భూమిలో నిలబడి స్లాష్ గిటారు మోగించేస్తాడు. అది ఎలక్ట్రిక్ గిటారు. దానికి కరెంటెక్కడిది అని ఎవరైనా అడిగారా? మన సినిమా పాటలో ఉన్నట్టుండి వాన ఎందుకొచ్చిందని మనం అడిగామా? ఆనవాయితీ అంటే అంతే. చూసేవాళ్లకీ తీసేవాళ్లకీ మధ్య ఒక ఒప్పందం.

ఈ ఆనవాయితీలు ఎక్కణ్నుంచి వచ్చాయి?

కొన్ని అవసరం కొద్దీ పుట్టాయి. 1975లో ఇంగ్లండ్‌లోని క్వీన్ బ్యాండ్ ‘బొహీమియన్ రాప్సడీ’ పాట విడుదల చేసింది. అన్ని గొంతులు కలిసిన ఆ పాటకి టీవీ స్టూడియోలో నిలబడి పెదాలు కదపటం అయ్యే పని కాదనిపించి, ముందే వీడియో తీసి పంపేశారు. బ్రూస్ గోవర్స్ దర్శకుడు. చిక్కటి చీకట్లో నాలుగు మొహాలు పైకి చూస్తుంటాయి. ఆ తర్వాత ఎన్ని రాక్ బ్యాండ్లు ఆ పోజు పెట్టాయో! ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. ఆ భంగిమ అంతకు ముందు ఏడాది వచ్చిన వాళ్ల ‘క్వీన్ 2’ ఆల్బమ్ అట్ట మీదిది. దాన్ని తీసిన ఫొటోగ్రాఫర్ మిక్ రాక్‌కి ఆ ఆలోచన ఇచ్చింది నటి మార్లిన్ డీట్రిష్ పాత ఫొటో ఒకటి. అంటే మగ బ్యాండ్లు అంత గంభీరంగా పెట్టే ఆ పోజుకి పుట్టిల్లు ఒక ఆడమనిషి ఫొటో అన్నమాట!

1981 ఆగస్టు 1న అమెరికాలో ఎంటీవీ మొదలయ్యాక ఇరవై నాలుగు గంటలూ వీడియోలే. ఏది చూపిస్తే పాట అమ్ముడవుతుందో రికార్డు కంపెనీలకి త్వరగానే తెలిసొచ్చింది. ఆండ్రూ గుడ్విన్ 1992లో మ్యూజిక్ వీడియోల మీద ‘డాన్సింగ్ ఇన్ ద డిస్ట్రాక్షన్ ఫ్యాక్టరీ’ అనే పుస్తకం రాశారు. వీడియోల లక్షణాలు వరసగా చెబుతూ ఆయన రెండు సంగతులు పట్టుకున్నారు. ఒకటి, పాడేవాళ్ల మొహం జనానికి గుర్తుండిపోవాలి కాబట్టి కంపెనీవాళ్లు క్లోజప్పులు కావాలంటారు. రెండోది చూపు. ఎవరు చూస్తున్నారు, ఎవర్ని చూస్తున్నారు అన్నది. చూడబడేది చాలామటుకు ఆడవాళ్లే.

మా పిల్ల గొడవంతా ఈ రెండో దాంట్లోనే ఉంది.

దీనికి పేరుమోసిన ఉదాహరణ 1986 నాటి ‘అడిక్టెడ్ టు లవ్’. రాబర్ట్ పామర్ టై కట్టుకుని పాడుతుంటాడు. వెనక అయిదుగురు అమ్మాయిలు - ఒకే రకం నల్ల గౌన్లు, పాలిపోయిన మొహాలు, ఎర్రటి పెదాలు. చేతుల్లో గిటార్లు, ముందు డ్రమ్స్. ఒక్కరికీ వాయించటం రాదు. వాళ్లు మోడల్స్. దర్శకుడు టెరెన్స్ డొనొవన్ ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్. వీడియో చాలా అందంగా ఉంటుంది, కాదనను. కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో నేనూ కన్నార్పకుండా చూసినదాన్నే. డ్రమ్స్ ముందు ఆడపిల్ల కనిపించిందని సంబరపడితే అది ఉత్తుత్తి వాయింపు! ఇక మా ఇంట్లో పిల్లది నిజంగా వాయిస్తుంటే లేపి బండి దగ్గర నిలబెడుతున్నారు.

అసలు వాయించే అమ్మాయిని ముందుకి లాగటం వీడియోల కన్నా పాత అలవాటే. కార్పెంటర్స్ బృందంలో అన్న రిచర్డ్ పియానో వాయిస్తే, చెల్లెలు కారెన్ కార్పెంటర్ డ్రమ్స్ వాయిస్తూ పాడేది. తనని తాను డ్రమ్మర్‌నే అనుకునేది. పాడే అమ్మాయి ఆ డ్రమ్స్ వెనక ఎవరికీ కనిపించటం లేదని 1970లలో ఆమెని మెల్లగా లేపి మైకు ముందుకి తెచ్చారు. కచేరీల్లో వాయించటానికి వేరే డ్రమ్మర్ వచ్చాడు. ఆమెకది ఇష్టం లేదు. ఈ సంగతి చెప్పగానే మా పిల్ల కాసేపు మాట్లాడలేదు.

ఆనవాయితీ ఉంచారు... మనుషుల్ని మార్చారు

‘‘అయితే ఈ బ్యాండూ వద్దు, బండీ వద్దు. ఏ ఆనవాయితీ లేకుండా సముద్రం అలలొక్కటే చూపించేద్దాం’’ అంది చివరికి. కోపంలో అనే మాట అది. నేనొప్పుకోలేదు. పేరు తెలియని బ్యాండు అలలు చూపిస్తే అది రాక్ పాటో, యోగా క్లాసో చూసేవాళ్లకి ఏం తెలుస్తుంది? పది సెకన్లలో వేలితో పైకి తోసేస్తారు. ఆనవాయితీ ఉంటేనే ఆగుతారు. ఆ ఆనవాయితీలో ఎవరి చోటు ఎక్కడ అన్నదే మనం పట్టుకోవాల్సింది.

అలా పట్టుకున్న ఆడవాళ్లున్నారు. 1999లో షనాయా ట్వైన్ ‘మ్యాన్! ఐ ఫీల్ లైక్ ఎ ఉమన్!’ పాటకి వీడియో చేసింది. పాల్ బాయిడ్ తీశాడు. పామర్ వీడియోని ఉన్నదున్నట్టుగా తీసుకుని తిరగేశారు. ముందు నిలబడి పాడేది ఈవిడ. వెనక మొహంలో ఏ భావమూ లేకుండా గిటార్లు పట్టుకుని ఊగేది ఒకే రకం నల్ల బట్టల్లో కండలు తిరిగిన మగాళ్లు. చూస్తే నవ్వొస్తుంది. ఆ నవ్వులోనే మనకి మొదటి వీడియోలో నవ్వెందుకు రాలేదో తెలిసిపోతుంది. కాకపోతే పాట సగానికొచ్చేసరికి ఈవిడా కోటు తీసేసి పొట్టి గౌనులోకి వచ్చేస్తుంది. అక్కడ మాత్రం నాకు కాస్త పేచీ ఉంది.

నాకు ఇంతకన్నా ఇష్టమైంది సిండీ లాపర్ ‘గర్ల్స్ జస్ట్ వాంట్ టు హావ్ ఫన్’. 1983 నాటిది. ఆ పాట మొదట రాసుకుని పాడుకున్నది రాబర్ట్ హజార్డ్ అనే మగాయన, మగవాడి మాటల్లోనే. సిండీ మాటలు మార్చి ఆడపిల్లల పాట చేసుకుంది. ఎడ్ గ్రైల్స్ తీసిన వీడియోలో ఆమెకి తల్లిగా వేసింది నిజంగా వాళ్లమ్మే! తండ్రిగా వేసింది లూ అల్బానో, కుస్తీ పోటీల ఆయన. అమ్మానాన్నల చీవాట్లు తప్పించుకుని సిండీ వీధిలోకొచ్చి అమ్మాయిల్ని వెంటేసుకుని న్యూయార్క్ రోడ్ల మీద గెంతుతుంది. అప్పటి రాక్ వీడియోల్లో రోడ్డు మగపిల్లల సొత్తు. వాళ్లు తిరుగుతుంటే ఆడపిల్లలు ఎదురుపడాలి, వాళ్లు చూడాలి. సిండీ లాంటివాళ్లు ఆ వీధిని ఎలా తమది చేసుకున్నారో లీసా లూయిస్ 1990లో ఏకంగా పుస్తకమే రాశారు. 1984లో ఎంటీవీ మొట్టమొదటిసారి అవార్డులిచ్చినప్పుడు గాయనుల వీడియోల్లో బహుమతి దీనికే.

ఇక అందరూ అమ్మాయిలే అయిన గో-గోస్ బ్యాండ్ సంగతి మరీ సరదా. 1981లో వాళ్ల ‘అవర్ లిప్స్ ఆర్ సీల్డ్’ వీడియోకి పెట్టిన డబ్బు, అదే కంపెనీ పెద్దలు చూసుకునే పొలీస్ అనే మగ బ్యాండు వీడియోల ఖర్చులో మిగిలింది. అమ్మాయిలు టాపు లేని కారెక్కి ఊరంతా తిరిగారు, ఫౌంటెన్లో దిగి తడిశారు. మధ్య మధ్యలో స్టేజీ మీద వాళ్ల పాట వాళ్లే వాయిస్తూ కనిపించారు. డ్రమ్స్ దగ్గర జీనా షాక్. ఆ పాట ఉన్న ఆల్బమ్ 1982లో అమెరికా పట్టికలో మొదటి స్థానానికెక్కింది. సొంత పాటలు రాసుకుని, వాయిద్యాలు తామే వాయించుకున్న ఆడవాళ్ల బ్యాండు అక్కడిదాకా వెళ్లటం అదే మొదలు.

మన దగ్గరా ఉందొకటి. 1995లో అలీషా చినాయ్ ‘మేడ్ ఇన్ ఇండియా’. సంగీతం బిడ్డు, వీడియో తీసింది కెన్ ఘోష్. రాక్ కాదు, పూర్తిగా పాప్. కానీ అందులో కూర్చుని ఎంచుకునేది అలీషా, వచ్చి నిలబడేది మగాళ్లు. దేశదేశాలవాళ్లనీ వద్దంటుంది. చివరికి చెక్క పెట్టెలోంచి మిలింద్ సోమన్ దిగుతాడు. మనకి కొత్తేముంది, స్వయంవరమే కదా! అందుకే పిల్లలనుంచి బామ్మలదాకా ఎవరికీ వింతగా అనిపించలేదు.

తీయటం మొదలుపెడితే...

ఈ వీడియోలన్నీ మా పిల్ల ఆ సీనియర్‌కి పంపింది. పామర్‌దీ షనాయాదీ ఒకదాని తర్వాత ఒకటి చూడమని మాత్రం రాసింది. వాదన పెట్టుకోలేదు. మర్నాడు సాయంత్రం అతనే వచ్చి ‘‘సరే, డ్రమ్స్ నువ్వే వాయించు. కానీ డ్రమ్స్ వెనక మొహం కనిపించి చావదు, ఎలా తీయను?’’ అన్నాడట. అది న్యాయమైన ప్రశ్నే. కారెన్‌ని లేపింది కూడా ఆ కారణం చెప్పే. దానికి మందు కెమెరా చోటు మార్చటం! ఎదురుగా కాకుండా, వాయించేవాళ్ల భుజం పక్కనుంచి తీస్తే సింబల్స్ మధ్యలోంచి మొహమూ చేతులూ రెండూ కనిపిస్తాయి. కెమెరా నేల మీద పెట్టి పెడల్ తొక్కే కాలు తీయొచ్చు. ఉత్తుత్తి వాయింపుకి కాలు చూపించరు, దొరికిపోతారు కదా!

తీసే పద్ధతి మన సినిమా పాటల్లాంటిదే. రికార్డు చేసిన పాట స్పీకర్లో పెట్టి, దానికి తగ్గట్టు వాయిస్తూ పెదాలు కలపాలి. ఒకసారి అందరూ కనిపించేలా మొదటినుంచి చివరిదాకా తీస్తారు. మళ్లీ మొదటినుంచి గాయకుడొక్కణ్నే. మళ్లీ గిటారు. మళ్లీ డ్రమ్స్. తర్వాత ఎడిటింగ్‌లో ముక్కలు కలుపుతారు. నిదానంగా కదిలే స్లోమోషన్ బొమ్మలో పెదాలు మాత్రం పాటతో కలవాలంటే ఇంకో చిట్కా ఉంది. సెకనుకి 25 బొమ్మలు తీసేచోట 50 తీసి, స్పీకర్లో పాటని రెట్టింపు వేగంతో పెట్టి పాడించాలి. 1983లో పొలీస్ బ్యాండు ‘ర్యాప్డ్ అరౌండ్ యువర్ ఫింగర్’ ఇలా తీసిందే. మా వాళ్లు ఇప్పుడు ఫోన్లోనే చేసేశారు. పాట పిచికల కిచకిచలా పరిగెడుతుంటే గాయకుడు నవ్వాపుకోలేక మూడుసార్లు ఆగిపోయాడట.

డ్రమ్స్‌తో వచ్చిన చిక్కు వేరు. అది గట్టిగా కొడుతుంటే స్పీకర్లో పాట ఎవరికీ వినబడదు. మెల్లగా కొడితే మొహంలో ఆ ఊపు రాదు. చివరికి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, కనపడకుండా దాని మీదికి జుట్టు లాక్కుంది. గాలికి ఎగరేద్దామనుకున్న జుట్టు అలా ఉపయోగపడింది. డ్రమ్స్ ముక్క ఒక్కటే పదకొండుసార్లు తీశారు. రెండు చేతులకీ బొబ్బలు. వాళ్లమ్మ వెన్న రాస్తూ తిట్టింది.

మరి బుల్లెట్ బండి? అప్పటికే ఎవరి మావయ్యనో బతిమాలి తెచ్చారు. పెట్రోలు కూడా కొట్టించారు. ఊరికే వెనక్కి పంపటానికి మనసొప్పలేదు. డ్రమ్స్ దగ్గర కూర్చోబెడదామనుకున్న ఆ స్నేహితుడినే తెల్ల చొక్కా వేసి బండికి ఆనించారు. టేబుల్ ఫ్యాన్ పెట్టి జుట్టు ఎగరేశారు. ‘‘నేనెక్కడ చూడాలి?’’ అని పదిసార్లు అడిగాడట పాపం. ‘‘మా వైపు’’ అని చెప్పారు.

వీడియో వచ్చాక ఆ అబ్బాయి మామ్మగారు కళ్లజోడు సర్దుకుని ఫోన్లో చూశారట. అంతా అయిపోయాక మా పిల్లని పిలిచి, ‘‘అందరూ ఏదో ఒకటి వాయిస్తున్నారు. మావాడేం వాయిస్తాడే?’’ అన్నారట.

‘‘ఏమీ వాయించడు మామ్మా. ఊరికే ఉంటాడు’’ అందిట మా పిల్ల.