కృష్ణమ్మ కట్టిన అఖాతం

వరద వచ్చిన ప్రతి ఏడూ పత్రికల్లో ఒక లెక్క అచ్చవుతుంది: ఇన్ని టీఎంసీల కృష్ణా జలాలు సముద్రంలో వృథాగా కలిసిపోయాయని. చదివిన రైతు ప్రాణం ఉసూరుమంటుంది. చందర్లపాడు, నందిగామ, జగ్గయ్యపేట వైపు వాళ్లకు ఆ బాధ మరీ ఎక్కువ. పక్కనే నది నిండుగా పోతున్నా మెట్ట చేలో పత్తి, మిరప వాడిపోయిన ఏళ్లు, సాగర్ ఎడమ కాలువ చివరి భూములకు నీరందని ఏళ్లు మనవాళ్లెవరూ మరిచిపోలేదు. అయినా సముద్రానికి చేరిన నీరంతా వృథా అన్న మాట తప్పు. మన ఒడ్డు దాటిన కృష్ణ చివర ఏం చేస్తుందో చూస్తే అది తెలుస్తుంది.

ఆ చివర ఉన్నది నిజాంపట్నం అఖాతం. పటంలో ఒంగోలు నుంచి తీరం వెంట ఈశాన్యంగా వస్తే చీరాల, బాపట్ల, సూర్యలంక దాటాక గట్టు తూర్పుకు మళ్లి, కృష్ణ ముఖద్వారం దగ్గర సముద్రంలోకి పొడుచుకుపోతుంది. ఆ మోచేతి వంపులో నిలిచిన లోతు తక్కువ సముద్రమే ఈ అఖాతం. నిజాంపట్నం దాని ఒడ్డున, రేపల్లె కొంత లోపలికి ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక అవి బాపట్ల జిల్లాలోకీ, మనం ఎన్టీఆర్ జిల్లాలోకీ వెళ్లాం. నది మాత్రం ఇప్పటికీ ఒక్కటే.

ఆ వంపు కృష్ణ చేసినదే. ఆరేడు వేల ఏళ్ల కిందట, మంచుయుగం తర్వాత పెరుగుతూ వచ్చిన సముద్రమట్టం ఒక చోట నిలదొక్కుకుంది. అప్పటి తీరం ఇప్పటికన్నా చాలా లోపలికి ఉండేది. మహాబలేశ్వరం దగ్గర పుట్టి 1,400 కిలోమీటర్లు నడిచే నది దారిలోని నల్లరేగడినీ ఎర్రమట్టినీ తెచ్చి అక్కడ పోసింది. మన పాలేరు, మునేరు మోసిన మట్టీ అందులో ఉంది. అలలు ఇసుకను ఏరి తీరం వెంట దిబ్బలుగా పేర్చాయి, వాటి వెనుక ఒండ్రు నిండింది, తీరం ముందుకు జరిగింది. బాపట్ల ప్రాంతంలో తీరానికి సమాంతరంగా లోపలికి వరుసలు తీరిన ఇసుక దిబ్బలు ఒకనాటి సముద్రపు ఒడ్లే. నది తెచ్చిన మట్టితో డెల్టా ముందుకు సాగింది, దాని పక్కన సముద్రం వంపులో ఉండిపోయింది.

ఈ తీరానికి పేరు వచ్చి చాలా కాలమైంది. క్రీ.శ. 2వ శతాబ్దంలో టాలెమీ ఈ సీమను మైసోలియా అన్నాడు, నదిని మైసోలస్ అన్నాడు. అతను పేర్కొన్న కంటకోసిల మన ఘంటసాలేనని చరిత్రకారుల మాట. జగ్గయ్యపేట, అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల స్తూపాలను పటంలో గుర్తుపెట్టి చూడండి. మెట్ట నుంచి సముద్రం దాకా నది దారే కనిపిస్తుంది. వర్తకులు, భిక్షువులు తిరిగిన దారి అది.

నిజాంపట్నాన్ని యూరపు వర్తకులు పేటపోలి అనేవాళ్లు. ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ 1611లో పులికాట్‌కు పోతే అక్కడి డచ్చివాళ్లు అడ్డుపడ్డారు. ఓడ ఉత్తరానికి వచ్చి పేటపోలిలో ఆగి, కొందరిని దించి, మచిలీపట్నం చేరింది. తూర్పు తీరంలో ఇంగ్లిషువాళ్ల వ్యాపారం అలా మొదలైంది. వాళ్లను రప్పించింది అద్దకపు బట్టలు. ఆ బట్టల ఎరుపు రంగు చిరివేరు అనే చిన్న మొక్క వేళ్ల నుంచి వచ్చేది. పేటపోలి చుట్టుపక్కల ఇసుక నేలల్లో పెరిగే చిరివేరుకు అప్పట్లో గొప్ప పేరు. తీరపు ఇసుకలో కలిసిన గవ్వల సున్నం వల్ల ఆ ఎరుపు చిక్కనవుతుందని అద్దకం తెలిసినవాళ్లు చెబుతారు. ఈ అఖాతపు గవ్వలు అలా దూరదేశాల దుస్తుల్లోకి చేరాయన్నమాట. 1759లో మచిలీపట్నం ఫ్రెంచివాళ్ల చేయి జారాక నిజాం సలాబత్‌జంగ్ నిజాంపట్నాన్ని కూడా ఇంగ్లిషువాళ్లకు రాసిచ్చాడు. తర్వాత వ్యాపారం మద్రాసు వైపు మళ్లింది, రేవు చిన్నబోయింది.

ఇంత ఇచ్చిన ఈ వంపే ప్రాణాలూ తీసింది. 1977 నవంబరు 19న తుపాను చీరాల దగ్గర తీరం దాటింది. మన వైపు తుపాను గాలి అపసవ్యంగా తిరుగుతుంది కాబట్టి, అది వచ్చే దారికి కుడి పక్కన గాలి సముద్రాన్ని నేల మీదికి నెడుతుంది. ఆ కుడి పక్కన ఉన్నవి అఖాతం, దాన్నానుకున్న దివిసీమ. లోతు తక్కువైన సముద్రంలో నెట్టిన నీటికి కిందికి దిగే చోటు లేదు, వంపులో పక్కకు పోయే దారీ లేదు. ఇక పైకి లేవడమే. అలా లేచిన ఉప్పెన అయిదారు మీటర్ల ఎత్తున ఊళ్ల మీద పడింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ల పేర్లు దేశమంతా తెలిసింది అప్పుడే. పదివేల మందికి పైగా పోయారు. అంతకు 113 ఏళ్ల ముందు, 1864 నవంబరు 1న, మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో దాదాపు 30 వేల మంది చనిపోయారు. 1990 మేలో మరో పెద్ద తుపాను కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. అప్పటికి ముందస్తు హెచ్చరికలు, తుపాను షెల్టర్లు వచ్చాయి. చావులు వెయ్యిలోపే ఆగాయి. సర్కారు డబ్బు సరైన చోట ఖర్చయిందనడానికి ఇంతకన్నా మంచి రుజువు నాకు తోచదు.

మనుషులు కట్టినవాటితో పాటు అక్కడ నది పెంచిన రక్షణ ఒకటి ఉంది: మడ అడవి. ఉప్పునీటిలో, గాలి ఆడని బురదలో మామూలు చెట్టు బతకదు. మడచెట్టు వేళ్లు బురద పైకి మొలకల్లా నిటారుగా లేచి ఊపిరి పీల్చుకుంటాయి. ఒంట్లో చేరిన ఉప్పును ఆకుల మీదికి తోసేస్తుంది. పాటు సమయంలో ఆకు మీద వేలు రాసి నాలుకకు తగిలిస్తే ఉప్పు తెలుస్తుంది. పాలు కంట పడితే చూపు పోతుందని మనుషులు భయపడే తిల్ల చెట్టూ అక్కడే పెరుగుతుంది. ఈ వేళ్ల సందుల్లో పోటు నీటి వేగం తగ్గుతుంది, ఒండ్రు దిగుతుంది, గట్టు నిలబడుతుంది. అంత పెద్ద ఉప్పెనను మడ పూర్తిగా ఆపదు. అలల దూకుడును మాత్రం తగ్గిస్తుంది.

మనం సంతలో కొనే రొయ్య కథ కూడా ఇక్కడిదే. తల్లి రొయ్య లోతు సముద్రంలో గుడ్లు పెడుతుంది. కంటికి సరిగా ఆనని పిల్లలు పోటుతో పాటు మొగల్లోంచి మడ పాయల్లోకి వస్తాయి. అక్కడ నది నీరు కలిసి ఉప్పు తగ్గి ఉంటుంది, కుళ్లిన ఆకుల మేత ఉంటుంది, పెద్ద చేపల బెడద తక్కువ. కొన్ని వారాలు పెరిగి మళ్లీ సముద్రానికి పోతాయి. పండుగప్ప, మడ పీత కూడా ఈ పాయలను నమ్ముకున్నవే. ఆ పీతలను బురద బొరియల్లోంచి చేత్తో పట్టే యానాదుల పనితనం గురించి ఎవరైనా శ్రద్ధగా రాయాలి. 1989లో ఏర్పడిన కృష్ణా అభయారణ్యంలో బావురుపిల్లి ఉంది. పాయల ఒడ్డున కాచుకుని నీళ్లలోకి దూకి చేపను పట్టే పిల్లి అది. చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాటిలో కొన్ని వలల్లో చిక్కి చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తాయి. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరపడవల వేట ఆపడం చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని చూసి పెట్టిన నియమమే.

ఇదంతా రెండింటి మీద ఆధారపడి ఉంది: మంచినీరు, మట్టి. రెండూ పైనుంచి రావలసినవే. 1850లలో బెజవాడ దగ్గర ఆనకట్ట వచ్చింది, ఆ తర్వాత సాగర్, శ్రీశైలం, ఎన్నో ఎగువ జలాశయాలు, ఈమధ్య మన పక్కనే పులిచింతల. అన్నం పెట్టిన కట్టలే, వాటిని తిట్టే హక్కు నాకు లేదు. కానీ నది మోసుకొచ్చే ఒండ్రు జలాశయాల అడుగున ఆగిపోతోంది. 1960ల చివర సముద్రానికి చేరిన ఒండ్రులో 2000 తర్వాత చేరుతున్నది పదోవంతు కూడా లేదు. తీరంలో చాలా చోట్ల సముద్రం నేలను కోసుకుపోతోంది. నీరు రాని వేసవిలో పాయల్లో ఉప్పు పెరుగుతుంది. వీటికి తోడు 1980ల చివర నుంచి రొయ్యల చెరువులు మడ భూముల అంచుల్లోకి పాకాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరం అంచున అలాంటి చెరువులకు వ్యతిరేకంగా గట్టి తీర్పు ఇచ్చింది. నష్టం చాలావరకు అప్పటికే జరిగిపోయింది.

పోయినది తిరిగి రాదని అనుకోనక్కర లేదు. 1990ల చివర నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్, అటవీ శాఖ, తీర గ్రామాల ప్రజలు కలిసి కృష్ణా మడను బాగుచేశారు. చెట్లు చచ్చిన చోట నీరు కదలక, ఎండకు ఇగిరి ఉప్పు పేరుకుంటుంది. అలాంటి చోట చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. పోటు నీరు లోపలికి వచ్చి పాటుతో తిరిగి పోవడం మొదలైంది, ఉప్పు కడుక్కుపోయింది, నాటిన మొక్కలు నిలిచాయి. చేసిందల్లా నీటికి దారి ఇవ్వడమే.

కృష్ణా నీళ్లను పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు లెక్కగట్టింది. ఆ వాటాల్లో ముఖద్వారానికంటూ ఒక పద్దు లేదు. నీటి పంపకాల మాట ఇంకా తెగలేదు. మన ఎమ్మెల్యేలు, రైతు సంఘాలు మన కాలువల కోసం గొంతెత్తాలి, అది న్యాయం. దాంతో పాటు వేసవిలో కూడా బెజవాడ బ్యారేజీ దిగువకు కొంత నీరు వదలాలనీ, ఆ నీటిని వృథా పద్దులో రాయొద్దనీ అడగాలి. దివిసీమ, నిజాంపట్నం వాళ్లు ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్న నీళ్లవి. నది ఎగువన ఉన్న మనం అడిగితే వాళ్ల మాటకు బలం వస్తుంది.