మామిడి లేని మాసాల పులుపు

2022 నుండి ఏలూరు జిల్లాలో చేరిన నూజివీడు పేరు వినగానే ఎవరికైనా చిన్నరసం తలపుకు వస్తుంది. ఆగిరిపల్లి, ముసునూరు తోటల నడుమ వేసవిలో వంటింటికి పులుపు కొరత ఎరుగరు. పప్పులో మామిడి, పచ్చడిలో మామిడి, ఊరగాయ సరేసరి. సంస్కృతంలో మామిడి ఆమ్రము, పులుపు ఆమ్లము. రెండు మాటలకూ ఒక్క వత్తే భేదం. ఈ సీమ వంటింట వేసవిలో ఆ భేదమూ ఉండదు.

కాని పుష్యమాఘాలలో చెట్టు పూతమీద ఉంటుంది, కాయ ఉండదు. పెరటి పందిరిమీద చిక్కుడు విరగకాసేది సరిగా అప్పుడే. ఆ కూరకు పులుపు నిమ్మచెట్టు ఇవ్వవలసిందే. మామిడిముక్క పప్పుతోపాటు ఉడికినా రుచి చెడదు. నిమ్మరసానికి ఆ ఓర్పు లేదు.

పావుకిలో లేత చిక్కుడుకాయలకు ఈనెలు తీసి, తుంచి, మరిగే ఉప్పునీటిలో మూత పెట్టకుండా మెత్తబడేవరకే ఉడికించి వార్చవలెను. (ఆ నీరు పారబోయక చారులో కలుపుకొనేవారు తెలివైనవారు.) ఆవాలు, మినపప్పు, ఎండుమిరప, కరివేపాకు పోపులో అల్లం, పచ్చిమిరప దంచి వేసి, కాయలను రెండు నిమిషాలు మగ్గనిచ్చి దించవలెను. అరచెక్క నిమ్మరసం పిండవలసింది ఆ పిమ్మట, సెగ తగ్గిన తరువాత.

అత్తలు కోడళ్ళకు చెప్పే ఈ వరుసకు రసాయనశాస్త్రం సాక్ష్యమిస్తున్నది. కాయకు పచ్చదనమిచ్చే పత్రహరితపు అణువు నడుమ ఒక మెగ్నీషియం పరమాణువు ఉన్నది. పులుపూ వేడీ కలిస్తే అది ఊడిపోయి పచ్చరంగు మట్టిరంగుకు తిరుగుతుంది. పుల్లని నీటిలో కాయ త్వరగా ఉడకదు కూడా. మూత తీసి ఉంచితే కాయలోని ఆమ్లాలు కొన్ని ఆవిరితో పోతాయి. చిటికెడు వంటసోడా వేస్తే రంగు నిలుస్తుంది గాని కాయ గుజ్జవుతుంది, విటమిన్లు నశిస్తాయి. అది మెచ్చదగిన ఉపాయం కాదు.

రంగు పోతే పోనీ అనవచ్చును. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడవైద్యుడు స్కర్వీ రోగులకు నారింజలు, నిమ్మలు తినిపించి గుణం చూచినాడు. ఆ గుణం సి విటమిన్‌ది. అది సెగకు ఆగదు. శాకాలలోని ఇనుము ఒంటికి పట్టడానికీ అదే భోజనంలో సి విటమిన్ తోడు కావలెను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ భారత స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత కనిపించింది.

అందరికీ వడ్డించి, చల్లారిన కూరను మళ్ళీ వేడిచేసుకొని చివరకు తినేది చాలా ఇళ్ళలో ఇల్లాలే. మొదట పిండిన రసపు గుణం ఆ రెండవ సెగకు చాలావరకు పోతుంది. మిగిలిన అరచెక్క ఆమె వాటా. కూర కంచంలోకి వచ్చాక పిండుకోవలెను.