నీటి పరీక్షయు నీటి చట్టమును: రైతు నేర్వవలసిన విద్య

నీరు చాలనప్పుడు ఆ లోటు ఎల్లరకును కనబడును. నీరు చెడినప్పుడట్లు కాదు. వాగులో నురుగు కట్టినదనియు, బావినీరు రంగు తిరిగినదనియు చెప్పినంతమాత్రమున న్యాయస్థానము తృప్తినొందదు. ఏమి కలిసినది, ఎంత కలిసినది, ఎచ్చటనుండి వచ్చినది అని అడుగును. దీనికి ఉత్తరమిచ్చుటకు నీటి గుణములను తెలిసికొను విద్యయు, చట్టవిద్యయు రెండును కావలెను. వకీలునకు మొదటిది తెలియుట అరుదు. రసాయన పరీక్షకునకు రెండవది తెలియుట అరుదు. నడుమ నష్టపడువాడు రైతు. కావున ఈ రెంటిలోని ముఖ్యాంశములనైనను మన సంఘములవారు అభ్యసింపవలెనని మేము తలంచుచున్నాము.

ఈ కొఱత పల్లెలకు మాత్రమే చెందినది కాదు. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు జలాశయములకు 10 కిలోమీటర్ల లోపల ఒక నూనె కర్మాగారమును నెలకొల్పవచ్చునా కూడదా యను వివాదము సుప్రీంకోర్టు వఱకు పోయెను. 1999 జనవరిలో ఇచ్చిన తీర్పున, ఇట్టి శాస్త్రవిషయములను తేల్చుటకు న్యాయమూర్తులకు నిపుణుల తోడ్పాటు అవసరమని ఆ న్యాయస్థానము చెప్పెను. 2010 వ సంవత్సరపు చట్టముచే ఏర్పడిన జాతీయ హరిత న్యాయాధికరణమున న్యాయమూర్తులును శాస్త్రనిపుణులును కలిసి విచారణ జరుపుదురు. మన ప్రాంతమునకు సంబంధించిన దాని శాఖ చెన్నైలో నున్నది. న్యాయమూర్తులే నిపుణుల తోడు కోరగా, మనకు ఆ జ్ఞానము అక్కఱలేదనుట తగునా?

నీటి కాలుష్య నివారణ చట్టము 1974 లో వచ్చినది. నదులు, వాగులు, కాలువలు, చెఱువులే గాక భూగర్భజలమునకును దాని రక్షణ కలదు. ఆ చట్టపు 21 వ సెక్షను ప్రతి రైతును తెలిసికొనదగినది. కర్మాగారపు మురుగునీటి నమూనాను తీయు అధికారి ముందుగా అచ్చటి యజమానికి నోటీసు ఇయ్యవలెను. అతని యెదుట నమూనాను రెండు భాగములు చేసి, వేర్వేఱు పాత్రలలో నుంచి, గుర్తిడి, ముద్రవేసి, ఉభయులును సంతకము చేయవలెను. పిమ్మట దానిని చట్టము చెప్పిన ప్రయోగశాలకే పంపవలెను. ఈ క్రమము తప్పినచో పరీక్షాఫలితము సాక్ష్యముగ చెల్లదు. ప్రయోగశాల విషయమున జరిగిన లోపముచేతనే 1986 లో ఢిల్లీ హైకోర్టు ఒక కర్మాగారముపై జరిపిన పరీక్షను త్రోసివేసెను. నీరు నిజముగా చెడినను వ్యాజ్యము ఓడిపోవచ్చునని దీనివలన తెలియుచున్నది.

అట్లయిన రైతు తానే తీసిన సీసానీరు వ్యర్థమా? వ్యర్థము కాదు. అది అధికారి తీయవలసిన నమూనాకు బదులు కాజాలదు గాని, కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు వ్రాయుటకు ఆధారమగును. అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. నీరు చెడకముందు ఎట్లుండెనో చూపలేనివాడు, అది చెడినదని చూపుట కష్టము. కొన్ని తావుల దోషము రాతినుండియే వచ్చును. నల్లగొండ ప్రాంతపు బావులలోని ఫ్లోరైడు అట్టిదే. పూర్వపు లెక్క లేక ఎవరిపైనను నేరము మోపుట న్యాయమును కాదు, ఫలప్రదమును కాదు.

కావున ప్రతి సంఘమును సభ్యుల బావులను ఏటేట, వేసవిలో నొకసారియు వానల పిమ్మట నొకసారియు పరీక్ష చేయించి, ఫలితములను రిజిస్టరున వ్రాసియుంచవలెను. నీరు తీయు పద్ధతి సులభము. మోటారును కొంతసేపు నడపి, పాత నీరు పోయిన పిదప పట్టవలెను. మందుసీసాలు పనికిరావు. శుభ్రమైన సీసాను ఆ నీటితోనే మూడుమాఱులు కడిగి, నిండుగ నింపి, బిరడా బిగించి, రైతు పేరు, సర్వే నంబరు, తేదీ, వేళ వ్రాసి జాప్యము లేక పంపవలెను. త్రాగునీటిలోని సూక్ష్మజీవుల పరీక్షకు మాత్రము ప్రయోగశాలవారిచ్చు శుద్ధిచేసిన సీసాయే కావలెను.

ఫలితము వచ్చిన పిమ్మట దానిని చదువుట నేర్వవలెను. సేద్యపు నీటికి కేంద్ర మండలివారు పెట్టిన హద్దులలో రెండు ఇవి: ఆమ్ల క్షార సూచిక 6.0 మొదలు 8.5 వఱకు, విద్యుద్వాహకత సెంటీమీటరునకు 2250 మైక్రోమోలకు మించరాదు. ఈ రెండవ అంకె నీటిలోని ఉప్పును తెలుపును. ఉప్పు హెచ్చిన, నేల తడిగ నున్నను పైరు నీటిని పీల్చుకొనలేదు. సోడియము హెచ్చిన, నల్లరేగడి బిగిసి నీరు ఇంకదు.

గడువులను కూడ మఱవరాదు. 1988 సవరణచే, మండలికి 60 దినముల నోటీసు ఇచ్చి ఎవరైనను న్యాయస్థానమున ఫిర్యాదు చేయు హక్కు కలిగెను. హరిత న్యాయాధికరణమున నష్టపరిహారము కోరువారు, కారణము మొదట పుట్టిన నాటినుండి 5 సంవత్సరములలోపల దరఖాస్తు పెట్టవలెను. అధికారులు వచ్చి చూచెదరని ఎదురుచూచుచు కూర్చుండిన, కాలము మన కొఱకు ఆగదు.

ఈ విద్యను ప్రజలకు నేర్పుట రాష్ట్ర మండలుల విధులలో నొకటియని 1974 చట్టపు 17 వ సెక్షనే చెప్పుచున్నది. కనుక అడుగుటకు మనము సంకోచింపనక్కఱలేదు. ప్రతి సంఘమును చదువుకొన్న యువకులను ఇద్దఱిని ఎన్నుకొని, వారికి శిక్షణ నిప్పింపుమని మండలికి వ్రాయవలెను. రాబోవు సర్వసభ్య సమావేశమున దీనికొక తీర్మానమును, బావుల పరీక్షకు కొంత పైకమును ఏర్పఱుపవలెనని సభ్యులను కోరుచున్నాము. నేడు నీరు బాగుగ నున్న గ్రామమే ఈ పనికి ముందుగా పూనుకొనవలెను. ఏలయన, మంచినీటి లెక్కను మంచినీరున్నప్పుడే వ్రాయగలము.