“తండ్రి వృత్తి” అనే గడి – బెజవాడ విల్సన్ గారి కృషి

మన ట్రస్టుకు వచ్చే ఉపకార వేతన దరఖాస్తులను పరిశీలించేటప్పుడు “తండ్రి లేక తల్లి వృత్తి” అన్న గడి దగ్గర నా చేయి ఆగుతుంది. పారిశుధ్య పనివారి పిల్లలు చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు, లేదా “కూలి” అని రాస్తారు. వారిని తప్పు పట్టను. నేను బ్యాంకు కౌంటరులో కూర్చున్న రోజుల్లో, మురుగు కాలువలు శుభ్రం చేసే ఒకాయన పొదుపు ఖాతా ఫారంలో ఆయన్ను అడగకుండానే “కూలి” అని రాశాను. మర్యాద చేశాననుకున్నాను. బెజవాడ విల్సన్ గారి కృషి గురించి తెలుసుకున్నాక ఆ అభిప్రాయం మారింది.

విల్సన్ గారు 1966లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో ఒక తెలుగు దళిత క్రైస్తవ కుటుంబంలో జన్మించారు. మన పళ్ళిపట్టు వారికి అది మరీ దూరమేమీ కాదు. అరక్కోణంలో రైలెక్కితే కాట్పాడి, కుప్పం దాటాక బంగారపేట, అక్కడి నుంచి గనుల ఊరు. ఆయన చదువు కొంత కుప్పంలోనే సాగింది. తండ్రి, అన్న చేసినది పాకీ పని, అంటే నీళ్ళు లేని మరుగుదొడ్లలోని మలాన్ని చేతులతో ఎత్తి మోయడం. చదువుకున్న విల్సన్ గారు ఉద్యోగం కోసం ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజికి వెళితే, ఆయన అడగని ఆ పనినే ఆయన పేరు ఎదుట రాశారు!

1986 నుంచి ఆయన ఈ పని పోవాలని అధికారులకు, మంత్రులకు ఉత్తరాలు రాయసాగారు. 1993లో పాకీ పనిని నిషేధిస్తూ కేంద్రం చట్టం చేసింది. ఆ చట్టాన్ని చూపి గనుల యాజమాన్యానికి రాస్తే, అటువంటి మరుగుదొడ్లే లేవన్న జవాబు వచ్చింది. ఆయన వాటికి ఫొటోలు తీశారు. అవి పత్రికలో వచ్చాక మరుగుదొడ్లను మార్చి, పనివారికి వేరే పనులు ఇచ్చారు.

గుమస్తాగా బతికిన నాకు ఈ పద్ధతి బాగా నచ్చింది. కాగితం మీద “లేదు” అన్నదాన్ని ఊరు, పేరు, ఫొటోతో సహా “ఉంది” అని చూపించడమే ఆయన పద్ధతి. ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారు, పాల్ దివాకర్ గారు తోడుకాగా సఫాయి కర్మచారి ఆందోళన్ ఏర్పడింది. 2003లో వారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. మా దగ్గర పాకీ పని లేదని రాష్ట్రాలు చెబుతూ వచ్చాయి, వీరు సాక్ష్యాలు పెడుతూ వచ్చారు. 2013లో కొత్త చట్టం వచ్చింది. 1993 నుంచి మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో మరణించినవారి కుటుంబాలకు రూ.10 లక్షలు ఇవ్వాలని 2014 మార్చి 27న కోర్టు తీర్పు చెప్పింది. 2023 అక్టోబరులో మరో తీర్పులో మురుగు కాలువ మరణాలకు దాన్ని రూ.30 లక్షలు చేసింది. విల్సన్ గారికి 2016లో రామన్ మెగసెసే అవార్డు లభించింది. మన చెన్నై గాయకులు టి.ఎం. కృష్ణ గారికీ ఆ ఏడాదే వచ్చింది.

తీర్పు సరే. చనిపోయినవాడు కాగితాలన్నిటిలోనూ “కూలి” అయితే, ఆ ఇల్లాలు ఏం చూపించి అడగాలి? నేను రాసిన ఫారం గుర్తుకొచ్చి బాధపడేది ఇందుకే.

పిల్లల చదువుకూ ఇదే చిక్కు. ఇటువంటి వృత్తులవారి పిల్లల కోసం కేంద్రం 1977–78లోనే ఒక ఉపకార వేతనం ప్రారంభించింది. 2022లో సవరించిన నిబంధనల్లో ఇది 1 నుంచి 10వ తరగతి వరకు, ఆదాయ పరిమితి లేకుండా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు ఎస్.సి. సర్టిఫికెట్ రాదు. ఈ ఉపకార వేతనానికి మాత్రం మతం అడ్డు కాదు, చూసేది తల్లిదండ్రుల వృత్తినే. అందుకు వృత్తి ధ్రువీకరణ పత్రం కావాలి. ఫారంలో “కూలి” అని రాస్తే అది రాదు.

కనుక తల్లిదండ్రులారా, ఆ గడిలో ఉన్నది ఉన్నట్టు రాయండి. “నీవు ఏమి కావాలనుకుంటున్నావు” అన్న గడిని మాత్రం పిల్లల చేతే రాయించండి. ధ్రువీకరణ పత్రం లేనివారు ఆదివారం ఉదయం ట్రస్టు కార్యాలయానికి వస్తే, ఈ ఏడాది నిబంధనలు చూసి అర్జీ రాసిపెడతాను.